బెర్త్ ఖాళీ లేదు

రెండే ఇడ్లీలు.
పొద్దున్న ఏడింటికి తిన్నవి
సాయంత్రం నాలుగైనా
రొమ్ము కిందే నిలబడి ఉన్నాయి,
గుమ్మంలో చెప్పులు విప్పని చుట్టాల్లా.

పదకొండేళ్లుగా ఇదే.
రిజిస్టర్లో నా పేరు మరడాన నీలాచలం,
సెక్షన్లో గేస్ చలం.
వాము నమిలాను, ఇంగువ మింగాను,
జగదాంబ సెంటర్లో గోలీసోడా కొట్టించి
వచ్చిన ఒక్క తేన్పునీ
జీతం నోటులా తడిమి చూసుకున్నాను.
మందుల షాపువాడు ఉప్పు మానమన్నాడు,
మా బావ ఉద్యోగం మానమన్నాడు,
మా పైడమ్మ మాత్రం
ముందా ఆలోచన మానెయ్యి అంది.

కేజీహెచ్‌లో గొట్టం వేసి చూశారు.
పుండు లేదు, గడ్డ లేదు.
తెర మీద నా కడుపు
అప్పుడే కడిగిన డెక్కులా మెరుస్తోంది.
ఏమీ లేదని కాగితం మీద రాశారు.
ఏమీ లేకపోతే
ఈ బరువు ఎవరిది?

డాక్టరమ్మ పేరు జుబేదా, పల్చని మనిషి.
ఓపీ చీటీ వెనక్కి తిప్పి
పెన్ను టోపీ నోట్లో పెట్టుకుని
ఏం పని చేస్తారు అంది.
పోర్టులో అన్నాను,
ఏ ఓడ ఎప్పుడు లోపలికి రావాలో
వైర్‌లెస్‌లో చెప్పే గదిలో,
రాత్రి డ్యూటీలే ఎక్కువ.
"అయితే నేను చెప్పేదేముంది, మీకే తెలుసు" అని నవ్వింది.

కడుపంటే బయటి లంగరు రేవట.
తిన్నది అక్కడ ఆగాలి, వంతు రావాలి.
చిన్నపేగు మొదట్లో కాపలా కణాలుంటాయట,
నూనె తగిలితే చాలు
నెత్తుట్లోకి ఓ కబురు వదుల్తాయట:
ఆగు, ముందొచ్చిన సరుకే ఇంకా దిగలేదు.
ఆ కబురు పేరు కొలిసిస్టోకైనిన్.
గ్రీకు ఓడ పేరులా ఉందండీ అన్నాను.
మోటిలిన్ అని ఇంకొకటి,
పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు
గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి
రేవంతా ఊడ్పించి పోయేది.
ఆకలి పుట్టించేది గ్రెలిన్,
కడుపు తన చేత్తో మెదడుకి రాసే అర్జీ.

"మీకు కబుర్లు తప్పు రావట్లేదేమో,
మరీ గట్టిగా వినబడుతున్నాయేమో.
పక్కింటి గుసగుస మీకు కేకలా.
ఇదేనని ఖాయంగా చెప్పలేను.
రాత్రీ పగలూ కలిసిపోయిన ఒంట్లో
ఏది ఏ వేళకి బయల్దేరుతుందో..."
అక్కడ ఆపేసింది.
చెప్పలేనని చెప్పిన డాక్టర్ని
ఇన్నేళ్లలో ఆమెనే చూశాను.
అర్ధరాత్రి తిండి వద్దంది, వేపుళ్లు తగ్గించమంది,
ఓ చిన్న తెల్ల మాత్ర రాసింది.

ఆ రాత్రి
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
బయట నీళ్లలో తొమ్మిది ఓడలు.
బొగ్గుది ఒకటి నాలుగు రోజుల్నించీ
వైజాగ్, వైజాగ్, అని పిలుస్తూనే ఉంది.
బెర్త్ ఖాళీ లేదు, ఆగండి అన్నాను.
అన్నాక
మైకు మీద నా చెయ్యి కాసేపు కదల్లేదు.

చిన్నప్పుడు మా అమ్మ
జీర్ణం జీర్ణం అంటూ పొట్ట నిమిరేది,
చేపల పొలుసు అంటిన గరుకు చెయ్యి.
పెద్దయ్యాక
కడుపులో పెట్టుకోరా అన్నారందరూ,
తమ్ముడి అప్పుకి పెట్టిన సంతకాన్ని,
పదోన్నతి జాబితాలో లేని నా పేరుని.
అరిగిందా అని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

మూడూ నలభైకి
టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.
ఉన్నట్టుండి లోపల గుర్రుమంది,
పొడుగ్గా, అడుగునించి,
గొలుసు లాగినట్టు.
పక్క కుర్చీలో కోన గవర్రాజు కళ్లు తెరిచాడు.
"ఆకలేస్తోందా చలం?"
"లేదు, ఉండు,
ఊడుస్తున్నారు" అన్నాను.

బొగ్గు ఓడ మళ్లీ పిలిచింది.